మ్యాట్రిక్స్ స్విచర్: ఒక్క ప్రొజెక్టరే నల్లబడుతోంది, టచ్‌ప్యానెల్ కమాండ్లు మిస్సవుతున్నాయి. బాక్స్ మార్చాలా?

మీరు చెప్పింది ఇదీ: నాలుగు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు ఉన్న హెచ్‌డీఎంఐ మ్యాట్రిక్స్, అంటే ఏ ఇన్‌పుట్‌నైనా ఏ తెరకైనా పంపే బాక్స్. మూడు టీవీలు బాగున్నాయి. దూరంగా ఉన్న ప్రొజెక్టర్ మాత్రం ఉన్నట్టుండి రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తోంది. టచ్‌ప్యానెల్ నుంచి ఇన్‌పుట్ మారిస్తే ఒక్కోసారి మారదు, బాక్స్ మీది బటన్ నొక్కితే మాత్రం ప్రతిసారీ మారుతోంది.

అప్పుడే కొత్తది కొనకండి. హాళ్లలో, మీటింగ్ రూముల్లో ఇవి బిగించడం, బాగుచేయడమే నా పని. నాకు ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సమస్యల్లా కనిపిస్తున్నాయి. రెండూ ఒకేసారి వచ్చేసరికి అనుమానమంతా బాక్స్ మీదకు పోతుంది, పాపం.

ముందు ప్రొజెక్టర్ సంగతి. అదే సోర్స్‌ను, అంటే బొమ్మ పంపే ల్యాప్‌టాప్ లాంటి పరికరాన్ని, పక్కనున్న టీవీకి కూడా పెట్టి చూడండి. రెండూ ఒకేసారి నల్లబడితే గొడవ సోర్స్‌లోనో ఇన్‌పుట్ వైపో ఉన్నట్టు. ప్రొజెక్టర్ ఒక్కటే నల్లబడితే అవుట్‌పుట్ వైపు వెతకాలి. అప్పుడు ప్రొజెక్టర్ కేబుల్‌ను వేరే అవుట్‌పుట్‌కు మార్చండి. సమస్య పాత పోర్టులోనే ఉండిపోతే బాక్స్‌ను అనుమానించవచ్చు. ప్రొజెక్టర్ వెంటే వస్తే కేబులో, ఎక్స్‌టెండరో (సిగ్నల్‌ను దూరం పంపే పెట్టె), ప్రొజెక్టరో. నా అనుభవంలో ఎక్కువసార్లు కేబులే.

ఎందుకంటే 60 హెర్ట్జ్ 4కేను పూర్తి రంగులతో పంపాలంటే సెకనుకు దాదాపు 18 గిగాబిట్ల వేగం కావాలి. అదే 60 హెర్ట్జ్ 1080పీకి 4.5 చాలు. ఈడీఐడీ సెట్టింగ్‌లో (ఏ రిజల్యూషన్ పంపాలో సోర్స్‌కు చెప్పేది ఇదే) ఆ ఇన్‌పుట్‌ను 1080పీకి దించి ఒక పూట వదిలేయండి. నలుపు ఆగిపోతే కేబుల్ ఆ వేగాన్ని మోయలేకపోతోందని అర్థం. తెర మీద తెల్లటి చుక్కలు మెరుస్తున్నా అదే కథ. ఆగకపోతే, హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ లేని కంటెంట్, అంటే మీరు ఫోన్‌లో తీసిన వీడియో లాంటిది, ల్యాప్‌టాప్ నుంచి ప్లే చేయండి. అది నిలకడగా ఉండి, సినిమా పెట్టినప్పుడే నల్లబడుతుంటే కాపీ రక్షణ హ్యాండ్‌షేక్ దగ్గర, అంటే పరికరాలు ఒకదాన్నొకటి సరిచూసుకునే చోట, తేడా ఉంది.

మధ్యలో హెచ్‌డీబేస్‌టీ ఎక్స్‌టెండర్ (హెచ్‌డీఎంఐని క్యాట్6 అనే నెట్‌వర్క్ రకం వైరు మీద పంపేది) ఉంటే ఆ వైర్ ఎటు పోతోందో కళ్లతో చూడండి. కరెంటు వైర్లతో కలిపి కట్టి ఉన్నా, మధ్యలో జాయింట్లు ఉన్నా ఇలాగే ఆడుతుంది. దాన్ని నెట్‌వర్క్ స్విచ్‌లో గుచ్చితే అసలు పనిచేయదు. కనెక్టర్ ఒకటే అయినా అది ఈథర్నెట్ కాదు.

ఇక కంట్రోల్. బటన్ పనిచేస్తోందంటే స్విచింగ్ భాగం బాగానే ఉంది, కమాండే సరిగా అందడం లేదు. ఒక ఆడిటోరియంలో సరిగ్గా ఇలాగే జరిగింది. ల్యాప్‌టాప్ నుంచి ఆర్‌ఎస్-232 అనే సీరియల్ కేబుల్‌లో కమాండ్ కొడితే టక్కున మారేది. టచ్‌ప్యానెల్ నుంచి అయితే ఒకసారి మారేది, ఒకసారి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం, 9600, రెండు వైపులా ఒకటే. డేటా పంపే, అందుకునే 2, 3 పిన్నులూ సరిగానే ఉన్నాయి. టచ్‌ప్యానెల్ కంట్రోలర్ పంపుతున్న అక్షరాలను ల్యాప్‌టాప్‌లో పట్టి చూస్తే అసలు విషయం బయటపడింది. టచ్‌ప్యానెల్‌లోని ఒక్క బటన్ కమాండ్ చివర, కమాండ్ ముగిసిందని చెప్పే క్యారేజ్ రిటర్న్ అక్షరం (ఆస్కీ కోడ్‌లో 13వ నంబరు) లేదు. ల్యాప్‌టాప్‌లో ఎంటర్ నొక్కగానే అది దానంతటదే వెళ్తుంది కాబట్టి అక్కడ తేడా తెలియలేదు. ఆ బటన్ నొక్కితే స్విచర్ 'ఇంకా ఏదో వస్తుంది' అని కాచుకుని కూర్చునేది. తర్వాత నొక్కిన మంచి కమాండ్ ఆ మిగిలిన ముక్కకు అతుక్కుని, రెండూ కలిసి చెత్తబుట్టలోకి. మూడోది పనిచేసేది. పైకి చూస్తే దయ్యం పట్టినట్టుండేది.

కాబట్టి ఏ బటన్ తర్వాత ఏది మిస్సవుతోందో వరసగా రాసుకోండి. ఒక బటన్‌కు వెంటవెంటనే నాలుగైదు కమాండ్లు పెట్టి ఉంటే మధ్యలో కాస్త గ్యాప్ ఇచ్చి చూడండి, కొన్ని బాక్సులు అంత వేగం తట్టుకోలేవు. సీరియల్ కాకుండా నెట్‌వర్క్ ద్వారా కంట్రోల్ చేస్తుంటే స్విచర్‌కు ఫిక్స్‌డ్ ఐపీ ఇవ్వండి. లేదంటే రూటర్ రీస్టార్ట్ అయినప్పుడు అడ్రస్ మారిపోవచ్చు.

ప్రొజెక్టర్ కేబుల్ ఎంత పొడవు, మధ్యలో ఎక్స్‌టెండర్ ఉందా, కంట్రోల్ సీరియలా నెట్‌వర్కా? ఈ మూడూ, 1080పీలో ఏమైందో రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.