పట్టికలో పేరు లేదు, మరి రక్షణ?

మెదడు పనితీరులో తేడా ఉన్న పిల్లల గురించి, పెద్దల గురించి ఈ నెల రాయలసీమ నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి మా న్యాయసలహా బృందం జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) అని సైకియాట్రిస్టు చెప్పారు. ప్రైవేటు బడివాళ్లు ‘మీవాడు కుదురుగా కూర్చోడు, టీసీ తీసుకెళ్లండి’ అంటున్నారు. సదరం సర్టిఫికెట్‌కు పోతే ‘ఈ జబ్బుకు కాలమ్ లేదమ్మా’ అన్నారు. సర్టిఫికెట్ లేకుంటే చట్టం మాకు వర్తించదా? – ఒక తల్లి, ఆదోని

జవాబు: ముందు టీసీ సంగతి. ‘మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం’ అని రాసివున్న దరఖాస్తు మీద సంతకం పెట్టకండి. ఇలాంటి తగాదాలు చాలావరకు ఆ ఒక్క సంతకంతోనే చచ్చిపోతాయి. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసేయకూడదు. ప్రైవేటు బడికీ ఇదే వర్తిస్తుంది (మైనారిటీ బడులకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది). మీరే అడిగి తీసుకెళ్లినట్టు కాగితం ఉంటే, వాళ్లు తీసేశారని రుజువు చేయడం కష్టం.

ఇక కాలమ్ మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో, అంటే దాని పట్టికలో, 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు. ఆసుపత్రివాళ్లు చెప్పింది ఆ మేరకు నిజమే. అయితే పెన్షను, రిజర్వేషను ఒక దారి, వివక్ష నుంచి రక్షణ ఇంకో దారి. మొదటి దారిలో 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. వివక్షను నిషేధించే 3వ సెక్షన్ శాతం అడగదు, షెడ్యూలులో పేరుందా అనీ అడగదు. 2(ఎస్) నిర్వచనం ప్రకారం దీర్ఘకాలంగా ఉన్న లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి, అందరితో సమానంగా మెలగనివ్వకపోతే చాలు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. రాయబోతే చెయ్యి బిగుసుకుపోయే ఆ అభ్యర్థికి 40 శాతం వైకల్య సర్టిఫికెట్ లేదు, అయినా సివిల్స్ పరీక్షలో లేఖకుణ్ని ఇవ్వాల్సిందేనంది. మీ వాదనకు ఆధారం ఈ తీర్పే.

బడికి ఉత్తరం రాయండి. ‘మావాణ్ని బాగా చూసుకోండి’ అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యరు. కిటికీకి, తలుపుకు దూరంగా ముందు బెంచీ. ఒకసారికి ఒకే పని చెప్పడం, అదీ నోటుబుక్కులో రాసివ్వడం. ఇరవై నిమిషాలకోసారి లేచి తిరగడానికి రెండు నిమిషాలు. ఇట్లా మూడు నాలుగు అడగండి. ఇలాంటి సహేతుక సదుపాయాన్ని నిరాకరించడమే వివక్ష అని 2(హెచ్) చెబుతోంది. వెంట డాక్టరు ఉత్తరం జతచేయాలి. ‘ఏడీహెచ్‌డీ, మందులు వాడుతున్నాడు’ అన్న ఒక్క ముక్క పనికిరాదు. ఎప్పట్నుంచి ఉంది, తరగతిలో ఏ పనికి అడ్డొస్తోంది, ఏ మార్పు అవసరం అన్నవి ఉండాలి, ఎందుకంటే నిర్వచనం అడిగేది వాటినే. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

బడి కాదంటే ఎంఈవోకు, డీఈవోకు, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కమిషనర్ ఇచ్చేది సిఫారసే, కోర్టు డిక్రీ కాదు. మూడు నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయలేదో చెప్పాలి. వకీలు ఖర్చు గురించి దిగులుపడొద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పిల్లలకు, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. దానికి వైకల్య సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ప్రశ్న: ఇలాంటి పిల్లలున్న పన్నెండు కుటుంబాలవాళ్లం కలిసి ఏడీహెచ్‌డీని చట్టంలో చేర్చాలని పోరాడదలిచాం. పార్లమెంటుదాకా మా గొంతు ఎట్లా పోతుంది? – గుంతకల్లు నుంచి

జవాబు: పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు. 2016 చట్టం 99వ సెక్షన్ కింద కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో షెడ్యూలు మార్చగలదు. రాష్ట్ర ప్రభుత్వం సిఫారసు చేయవచ్చు. కాబట్టి మొదటి గురి ఢిల్లీ కాదు, అమరావతి. అర్జీలో రెండు కోరికలుండాలి: 99 కింద పేరు చేర్చడం, 56 కింద తీవ్రతను కొలిచే మార్గదర్శకాలివ్వడం. రెండోది మరిచిపోతే పేరు ఎక్కినా ఆసుపత్రిలో శాతం వేసే కొలబద్ద ఉండదు. మళ్లీ అదే ‘కాలమ్ లేదు’. ఆటిజానికి ఇసా అనే కొలమానం ఉన్నట్టే దీనికీ కావాలి.

అదే కాగితంలో పెన్షన్ అడగొద్దు. ఆ మాట కనబడగానే అర్జీని పెన్షన్ల సెక్షన్‌కు తోసేస్తారు, ‘అర్హత లేదు’ అని ముగించేస్తారు. సోమవారం కలెక్టరేట్‌ గ్రీవెన్స్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి. నకళ్లు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖకు, ఎమ్మెల్యేకు, ఎంపీకి. ఎంపీ లోక్‌సభలో 377వ నిబంధన కింద ప్రస్తావించవచ్చు. చదవడానికి వీలుగా అర పేజీలో రాసివ్వండి, మూడు పేజీలిస్తే పక్కన పెడతారు.

లెక్కలు లేని అర్జీకి బరువుండదు. సమాచార హక్కు కింద జిల్లా స్థాయి కార్యాలయానికి 10 రూపాయలతో దరఖాస్తు పెట్టండి. సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో మూడేళ్లలో ఎంతమంది పిల్లలకు ఏడీహెచ్‌డీ నిర్ధారించారు? దివ్యాంగుల చట్టం 72వ సెక్షన్ కింద జిల్లా కమిటీ ఎప్పుడు వేశారు, చివరి సమావేశపు మినిట్స్ ఏవి? ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే తిరగ్గొడతారు. రికార్డుల్లో ఉన్నదే అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకుంటే మొదటి అప్పీలు.

ధర్నా చేస్తే పెద్దవాళ్లే కూర్చోండి. మైకుల హోరు, ఎండ ఈ పిల్లలకు నరకం. వాళ్ల పేర్లు, ఫొటోలు పత్రికలకివ్వకండి. పదేళ్ల తర్వాత ఉద్యోగం చూసుకోవాల్సింది వాళ్లే.

ప్రశ్న: నాకు ఆటిజం. ముప్పై మంది పనిచేసే సంస్థలో లెక్కలు చూస్తాను. ఫోనులో చెప్పే పని గుర్తుండదు, రాసి పంపమంటే ‘నీ ఒక్కడికి వేరే రూలా?’ అంటారు. రొద తగ్గించే హెడ్‌ఫోన్స్ అడిగితే సొంతంగా కొనుక్కోమన్నారు. – ప్రొద్దుటూరు

జవాబు: దివ్యాంగుల చట్టం కింద వచ్చిన 2017 కేంద్ర నియమాల్లో 3వది మీకోసమే. 20 మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు సంస్థలో వివక్ష మీద ఫిర్యాదు వస్తే అధిపతి చర్య తీసుకోవాలి, లేదా అలా చేయడం ఎందుకు తప్పనిసరో రాతపూర్వకంగా చెప్పాలి. సదుపాయం ఖర్చు మీ నెత్తిన వేయకూడదు. కమిషనర్‌దాకా పోతే 60 రోజుల్లో తేల్చాలి. చట్టంలోని ఉద్యోగ రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ సంస్థలకే. కోపంలో రాజీనామా చేయకండి, ఫిర్యాదు బలం సగం పోతుంది.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అమ్మాయికి డిస్లెక్సియా. అదనపు సమయం ఎంత? – కడప

జవాబు: కేంద్రం మార్గదర్శకాల ప్రకారం, 40 శాతం వైకల్యమున్నవారికి గంటకు కనీసం 20 నిమిషాలు, మూడు గంటల పరీక్షకు గంట. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపేటప్పుడే హెడ్మాస్టరు ద్వారా దరఖాస్తు వెళ్లాలి. సర్టిఫికెట్ పరీక్ష చదివిన మాధ్యమంలోనే పెట్టమనండి. లేకుంటే ఇంగ్లీషు రాకపోవడాన్నే డిస్లెక్సియాగా రాసే ప్రమాదముంది. 2021లో డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) ఉన్న అవనీ ప్రకాశ్‌కు నీట్‌లో ఆ గంట ఇవ్వలేదు. అది తప్పేనని సుప్రీంకోర్టు అన్నా, మళ్లీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. అందుకే అనుమతి ఉత్తర్వు నకలును పరీక్షకు ముందురోజే సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్ చేతికిచ్చి, మీ కాపీ మీద సంతకం తీసుకోండి.