అన్యాపదేశమా? అన్యోపదేశమా?

సందేహం: మా అమ్మాయికి డిగ్రీలో జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ పాఠం ఉంది. అది ‘పొలిటికల్ ఎలిగరీ’ అని నోట్సులో రాసుకుంది. ఎలిగరీని తెలుగులో రూపకం అనాలా, నీతికథ అనాలా? ‘అన్యోపదేశం’ అని కూడా ఎక్కడో చూశాను. ఇంకొకటి, అందులో వచ్చే ‘మోర్ ఈక్వల్’ను ‘ఎక్కువ సమానం’ అని రాస్తే తప్పు కాదా?

సమాధానం: మీరు చూసిన మాట దాదాపు సరైనదే, ఒక్క అక్షరమే తేడా. అది అన్యాపదేశం. అన్య, అపదేశం కలిస్తే సవర్ణదీర్ఘ సంధి. అపదేశం అంటే నెపం, మిష. వేరొకదాన్ని నెపంగా పెట్టుకుని అసలు సంగతి చెప్పడం అన్నమాట. ఉపదేశం అనుకుని గుణసంధి చేస్తే ఎవరో చెప్పిన హితబోధ అవుతుంది, అర్థమే మారిపోతుంది. మన ఇళ్లలో దీనికి చక్కని మాట ఉండనే ఉంది: పిల్లి మీదా ఎలక మీదా పెట్టి అనడం. అమ్మాయికి ముందు ఈ మాట చెప్పండి, సగం పాఠం అప్పుడే అర్థమవుతుంది.

రూపకం అనకపోవడమే మంచిది. నాటకానికీ అదే పేరు, అలంకారానికీ అదే పేరు. పైగా రూపకాలంకారంలో పోల్చేదీ పోలికా రెండూ మాటల్లో కనిపిస్తాయి. ‘ముఖచంద్రుడు’ అంటే ముఖమూ ఉంది, చంద్రుడూ ఉన్నాడు. ఆర్వెల్ కథ యజమానిని తరిమేసి పొలాన్ని చేజిక్కించుకున్న జంతువులది, గురి మాత్రం సోవియట్ నియంత స్టాలిన్ మీద. అయినా అందులో స్టాలిన్ పేరు ఎక్కడా రాదు. అతనికి బదులు నెపోలియన్ అనే పంది మాత్రమే ఉంటుంది.

నీతికథ అన్నా పూర్తిగా అతకదు. చిన్నయసూరి మిత్రభేదంలో సింహానికీ ఎద్దుకీ మధ్య చిచ్చు పెట్టిన దమనకుడు ఫలానా రాజుగారి ఫలానా మంత్రి కాడు. అలాంటి నక్క ఏ కొలువులోనైనా ఉండొచ్చు. ఆర్వెల్ మాత్రం వేలు పెట్టి చూపిస్తాడు. యజమాని జోన్స్‌ను తరిమేయడం 1917 నాటి రష్యా విప్లవం, దొడ్డి నుంచి వెళ్లగొట్టిన స్నోబాల్ అనే పంది స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ, పొరుగు ఆసామి ఫ్రెడరిక్ హిట్లర్ జర్మనీ.

ఎంత కచ్చితంగా చూపిస్తాడో ఒక్క చోటు చెబుతాను. ఫ్రెడరిక్ మనుషులు గాలిమరను పేల్చేసినప్పుడు నెపోలియన్‌తో సహా జంతువులన్నీ నేలకు కరుచుకున్నాయని మొదట రాశాడు. 1945లో పుస్తకం అచ్చు కాకముందే ‘నెపోలియన్ తప్ప’ అని దిద్దించాడు. జర్మన్ సేనలు ముంచుకొస్తున్నా స్టాలిన్ మాస్కో విడిచిపోలేదు కాబట్టి, అతని పట్ల న్యాయంగా ఉండాలనుకున్నాడు. తను అంతగా నిరసించిన మనిషి విషయంలోనూ అన్యాయపు మాట పడనివ్వలేదు. నాకు ఆర్వెల్ మీద గౌరవం రెట్టింపైంది ఇక్కడే. అన్యాపదేశం రాయాలంటే అసలు సంగతి ఇంత క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

ఇక ‘ఎక్కువ సమానం’. తెలుగులో తప్పే. సమానం అన్నాక ఎక్కువ తక్కువలు ఉండవు. అయితే ఇంగ్లీషులోనూ అది అంతే తప్పు. ఆ తప్పులోనే కథంతా ఉంది. చూపు మందగించిన ముసలి గుర్రం క్లోవర్, బెంజమిన్ గాడిదను పిలిచి గోడ మీద ఏముందో చదవమంటుంది. తారు పూసిన ఆ గోడ మీద ఒకప్పుడు తెల్లటి అక్షరాల్లో ఏడు శాసనాలుండేవి. ఇప్పుడు మిగిలింది ఒక్కటే: జంతువులన్నీ సమానమే, కాకపోతే కొన్ని మిగతావాటి కంటే ఎక్కువ సమానం. పెత్తనం చేతికొచ్చిన పందులు పాలూ ఆపిల్ పళ్లూ తమకే దాచుకోవడంతో మొదలుపెట్టి, చివరికి మాటల అర్థాన్ని కూడా కాజేశాయి. దాన్ని ‘కొన్ని గొప్పవి’ అనో ‘కొన్ని ప్రత్యేకమైనవి’ అనో సరిదిద్దితే వాక్యం శుభ్రపడుతుంది, పందుల దొంగతనం కనబడకుండా పోతుంది. మీ అమ్మాయిని ‘ఎక్కువ సమానం’ అనే రాయమనండి. కొటేషన్ గుర్తులు కూడా పెట్టనక్కర్లేదు.