కొత్త ట్రాములు దిగితే ప్రయాణం బాగుపడుతుందా? టొరంటోలో నేను చూసింది

పాత ట్రాములు తీసేసి కొత్తవి దింపితే రోజూ ఎక్కేవాళ్ళకు తేడా తెలుస్తుందా, లేక రంగూ రిబ్బను కత్తిరింపూ తప్ప ఏమీ ఉండదా అని అడిగారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను.

నేను టొరంటోలో స్పడైనా అవెన్యూ పక్క సందులో 2012 నుంచి ఎనిమిదేళ్ళు అద్దెకున్నాను. అక్కడ వాటిని ట్రాము అనరు, స్ట్రీట్‌కార్ అంటారు. పాతవి పోవడం, కొత్తవి రావడం రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. ఇంజనీర్ని కాదు. నెలపాసు జేబులో పెట్టుకుని తిరిగినవాడి మాటగా తీసుకోండి: కొత్త బండి వస్తే ఎక్కడం, దిగడం పూర్తిగా మారిపోతాయి. స్టాపులో నిలబడే టైము మాత్రం దానివల్ల తగ్గదు. నాకైతే కొన్నాళ్ళు పెరిగినట్టే అనిపించింది.

ముందు పాతవాటి సంగతి. 1979 నుంచి తిరుగుతున్న బండ్లు. ముందు తలుపులోంచి ఎక్కాలి, నిటారుగా మెట్లు, గుమ్మం మధ్యలో పట్టుకోవడానికో కడ్డీ. పిల్లల బండితో ఎవరైనా వచ్చారంటే ఇంకొకరు ముందు చక్రాలు పట్టి ఎత్తాల్సిందే. ఎవరో ఒకరు ఎత్తేవాళ్ళు కూడా, ఆ మాట చెప్పుకోవాలి. దిగడం ఇంకో విద్య. వెనక తలుపు కింది మెట్టు మీద బరువు పడితేనే తెరుచుకుంటుంది. ఆ ముక్క తెలియనివాళ్ళు తలుపు ముందు నిలబడి దాని వంకే చూస్తుంటే, వెనక నుంచి బండి బండంతా "స్టెప్ డౌన్! స్టెప్ డౌన్!" అని కేకలు. మొదటి వారం నేనూ ఆ కేకలు తిన్నవాడినే.

2013 వేసవిలో అమ్మ వచ్చింది. మోకాళ్ళు అప్పటికే అరిగాయి. మొదటిసారి ఎక్కించేటప్పుడు రెండో మెట్టు మీద ఆగిపోయి, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని "అటకెక్కడానికైనా నిచ్చెన వేస్తారు కదరా" అంది. డ్రైవరు విసుక్కోలేదు. వెనకున్న క్యూ చూసి అమ్మకే సిగ్గేసింది. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ నడిచి వెళ్ళగలిగినంత దూరమే వెళ్ళింది.

కొత్తవి 2014 ఆగస్టు 31న 510 స్పడైనా రూటులో మొదలయ్యాయి. ఆ రోజు దిగినవి రెండే రెండు. ఆదివారం కదా అని పని లేకపోయినా వెళ్ళి ఎక్కాను, ఎక్కినవాళ్ళలో సగం మంది నాలాంటివాళ్ళే, ఫోన్లు పైకెత్తుకుని. 30 మీటర్ల పొడవు. ఐదు ముక్కలు కీళ్ళతో కలిపినట్టు వంగుతూ తిరుగుతుంది. నాలుగు తలుపులు, లోపలికి అడుగు పెట్టే చోట మెట్లు లేవు, పైగా ఏసీ. రెండో తలుపు దగ్గర నీలం బటన్ నొక్కితే చక్రాల కుర్చీ కోసం వాలుపలక బయటికి వస్తుంది.

అమ్మ మళ్ళీ 2016లో వచ్చింది. స్పడైనాలో స్టాపు అరుగు మీద నుంచి ఒక్క అడుగు వేస్తే బండి లోపలే. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే లోపలికి నడిచేసి, సీట్లో కూర్చున్నాక "మెట్లేవిరా?" అని అడిగింది. ఆ ఏడాది ఒక్కతే వెళ్ళి కూరగాయలు తెచ్చుకునేది. మీ ప్రశ్నకు నా దగ్గరున్న అసలు జవాబు ఇదే. మిగతాదంతా దాని వెనక ఎంత తతంగం ఉందో చెప్పడం.

టికెట్ పద్ధతీ మారింది. నాలుగు తలుపుల్లోనూ ఎక్కేస్తుంటే డ్రైవరు అందరి టికెట్లూ ఎలా చూస్తాడు? అందుకని చూడడమే మానేశారు. టికెట్ మన దగ్గర ఉండాలి, తనిఖీకి వస్తే చూపాలి. 2015 డిసెంబరు 14 నుంచి పాత బండ్లతో సహా అన్ని స్ట్రీట్‌కార్ రూట్లకూ ఇదే వర్తించింది. స్టాపులో బండి ఆగే సేపు దీనివల్ల బాగా తగ్గింది. ఒక్కొక్కరే డబ్బాలో చిల్లర వేస్తూ ఎక్కే రోజులు పోయాయి. అలవాటు పడటానికి మాత్రం టైము పట్టింది. ఒక నెలలో పాసు కొనకుండా, ఎక్కగానే మెషీనుకు తాకించే కార్డుతో తిరిగాను. రద్దీలో మూడో తలుపులోంచి ఎక్కి, కాలు నిలదొక్కుకున్నాక కార్డు తాకిద్దామనుకుని, ఫోనులో పడి మర్చిపోయాను. తనిఖీకి వచ్చినావిడ మందలించి వదిలేసింది. తప్పు నాదే, నోరెత్తలేదు.

ఇక తతంగం సంగతి. ట్రామంటే బస్సులా కొని తెచ్చి రోడ్డు మీద పెట్టేది కాదు. టొరంటో పట్టాల మధ్య దూరం 1,495 మిల్లీమీటర్లు. చాలాచోట్ల వాడేది 1,435. అరవై మిల్లీమీటర్ల తేడా అంతే, కానీ ఆ అరవైతో రెడీమేడు బండ్లు పనికిరాకుండా పోయాయి. మలుపులు మరీ ఇరుకు, కొన్నిచోట్ల వ్యాసార్థం 11 మీటర్లే. అలాంటి మూల మీద 30 మీటర్ల బండి తిరగాలి. మెట్లు లేకుండా బండి నేలను కిందకి దించేసరికి అడుగున ఉండాల్సిన సామగ్రి చాలావరకు కప్పు మీదకి ఎక్కింది. అంటే మెకానిక్కు ఇప్పుడు గోతిలో దిగి పనిచేస్తే సరిపోదు, పైన ఎత్తులో నిలబడి పనిచేయాలి. పాత డిపోలు అందుకు కట్టినవి కావు. లెస్లీ వీధి దగ్గర కొత్త డిపో కట్టి 2015లో తెరిచారు.

కరెంటు తీగ కూడా మార్చాల్సి వచ్చింది. పాత పద్ధతిలో కప్పు మీద ఒంటి కర్రలాంటి ట్రాలీ పోల్ ఉంటుంది. అది తీగ నుంచి జారిందా, బండి ఉన్నచోటే ఆగిపోతుంది. మంచులో డ్రైవరు దిగి వెనక్కి నడిచి, తాడు లాగి, తల పైకెత్తి గురి చూసి మళ్ళీ తీగకు తగిలించడం ఎన్నిసార్లు చూశానో. గాలిపటం దారం తెగకుండా ఆడించేవాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు. కొత్తవాటికి పోల్‌తో పాటు పాంటోగ్రాఫ్ కూడా పెట్టారు, తీగకు కింద నుంచి ఆనుకునే మడత చట్రం అన్నమాట. తీగలు తయారైన రూట్లను ఒక్కొక్కటే దానికి మార్చుకుంటూ వచ్చారు. 2017 సెప్టెంబరులో 509 హార్బర్‌ఫ్రంట్‌తో మొదలైంది.

ఆలస్యం గురించి చెప్పకపోతే అబద్ధమవుతుంది. 2009లో బొంబార్డియర్ అనే తయారీ కంపెనీకి 204 బండ్లకు ఆర్డరిచ్చారు, సుమారు 1.2 బిలియన్ డాలర్ల ఒప్పందం. చివరి బండి వచ్చేసరికి 2020 జనవరి. మధ్యలో 2018లో, ముందుగా వచ్చిన 67 బండ్లలో వెల్డింగ్ లోపం ఉందని తేలి వాటిని విడతలవారీగా క్విబెక్ రాష్ట్రానికి పంపి బాగు చేయించాల్సి వచ్చింది. ఆ మధ్యకాలంలో రెండు రకాలూ కలిసి తిరిగిన రూట్లు చూశాను. ఏ బండి వస్తుందో తెలియని చోట, మెట్లెక్కలేనివాళ్ళకు కొత్త బండి ఉన్నా లేనట్టే. ఒక రూటు పూర్తయ్యాక ఇంకో రూటుకు వెళ్ళడమే మేలని నాకు అందుకే అనిపిస్తుంది.

ఎదురుచూపు ఎందుకు తగ్గలేదో చెబుతాను. ఒకప్పుడు పాతవాటిలో పొట్టివి 196, పొడుగువి 52 ఉండేవి. ఆ ఆర్డరులో వచ్చిన కొత్తవి 204. ఒక్కో కొత్త బండిలో పొట్టిదానికి రెట్టింపు దాకా జనం పడతారు కాబట్టి లెక్కలో సీట్లు తగ్గవు. ఉదాహరణకు నాలుగు నిమిషాలకో చిన్న బండి వచ్చే చోట ఎనిమిది నిమిషాలకో పెద్దది నడిపితే కాగితం మీద అంతా సమానమే. స్టాపులో చలికి చేతులు రుద్దుకునేవాడికి సమానం కాదు. ఒకటి తప్పిపోతే తర్వాతది ఎనిమిది నిమిషాలకు. ట్రాఫిక్‌లో అది ఇరుక్కుంటే పదిహేను. ఆ వచ్చేది కిక్కిరిసి వస్తుంది, దాని తోకనే ఇంకోటి ఖాళీగా వస్తుంది.

స్పడైనాలో పట్టాలకు విడిగా దారి ఉంది, అక్కడ కొంత నయం. కింగ్ స్ట్రీట్ మీద ఎంత కొత్త బండైనా, ఎడమకు తిరగాలని ఆగిన ఒకే ఒక్క కారు వెనక నిలబడాల్సిందే. పక్కకు తప్పుకోలేదు కదా, పట్టాల మీది బండాయె. అక్కడ మార్పు తెచ్చింది బండి కాదు, రోడ్డు. 2017 నవంబరు 12న బాథర్స్ట్ నుంచి జార్విస్ దాకా కార్లు నేరుగా పోకుండా చాలా కూడళ్ళలో కుడికి తిరిగిపోవాలని ప్రయోగంగా నిబంధన పెట్టారు. ప్రయోగానికి కేటాయించింది 1.5 మిలియన్ డాలర్లు. మిలియన్లే, బిలియన్లు కావు. రోజుకు 72 వేలున్న ప్రయాణికులు 84 వేలకు చేరారు. 2019లో దాన్నే శాశ్వతం చేశారు. వ్యాపారాలు దెబ్బతింటాయని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. నేను ఆ వీధిలోనే సాయంత్రం ఇంటికొచ్చేవాడిని కాబట్టి ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు.

కాబట్టి మీ నగరంలో కొత్త ట్రాములు వస్తున్నాయంటే, బొమ్మలో ఎంత నున్నగా ఉన్నాయో చూడకండి. రెండు బండ్ల మధ్య ఎన్ని నిమిషాలు, పీక్ టైములోనే కాదు రాత్రి తొమ్మిదికి ఎన్ని నిమిషాలు, పట్టాల మీదకి కార్లు రాకుండా ఏం చేస్తారు, స్టాపు అరుగులు ఎప్పుడు కడతారు అని అడగండి. రోడ్డు మధ్యలో దిగే స్టాపులుంటే ఇంకో మాట కూడా. తెరిచిన తలుపులకు రెండు మీటర్ల వెనక కార్లు ఆగాలని అక్కడ చట్టం, చాలామంది ఆగుతారు, ఒక్కొక్కడు ఆగడు. నేను ఇప్పటికీ దిగే ముందు కుడివైపు చూసే దిగుతాను.

కామెంట్లలో ఒకరు పాతవి గుర్తొస్తాయా అని అడిగారు. వస్తాయి. ఆఖరి పొట్టి బండ్లు 2019 డిసెంబరు 29న క్వీన్ స్ట్రీట్ మీద తిరిగాయి, చలిలో వెళ్ళి చూశాను. పాతవాటిలో వేసవి సాయంత్రం అద్దం జరిపి మోచెయ్యి ఆనించుకుని కూర్చుంటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చైనాటౌన్ హోటళ్ళ వాసన లోపలికొచ్చేది. అమ్మతో ఈ మాటంటే మాత్రం "నీకేం, నీ మోకాళ్ళు బాగున్నాయి" అంటుంది.