తుపాకీ లేకపోయినా తూటా మందు డబ్బా ఉంటే చాలు, కేసుకి

ప్రశ్న: నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. మా పక్కింటి పెద్దాయన చాలా ఏళ్లుగా తన రైఫిల్‌కి తూటాలు తనే నింపుకునేవారు. ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తూ ఆ సామానంతా నాకు ఇచ్చేశారు. బల్లకు బిగించే ప్రెస్, చిన్న త్రాసు, ఖాళీ ఇత్తడి గొట్టాలు, 4895, 4831 అని రాసి ఉన్న పాత పౌడర్ (తూటా మందు) డబ్బాలు నాలుగు. నా దగ్గర రైఫిల్ లేదు. తుపాకీ లేనప్పుడు ఇవి ఉంచుకుంటే తప్పా? కరీంనగర్ దగ్గర మా ఊళ్లో నాన్నగారికి లైసెన్సున్న .315 రైఫిల్ ఉంది. తూటాలు దొరకడం కష్టంగా ఉందంటున్నారు. సంక్రాంతికి వెళ్లేటప్పుడు ప్రెస్సు తీసుకెళ్లి అక్కడ నింపుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ‘తుపాకీ లేనప్పుడు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మనవాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటారు. ఆ నమ్మకమే మిమ్మల్ని ఇరికించేలా ఉంది.

అమెరికా ఫెడరల్ చట్టంలో ‘అమ్యూనిషన్’ అంటే నింపిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ గొట్టం, ప్రైమర్ (గొట్టం అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న బిళ్ల), బుల్లెట్ (గొట్టం కొసన ఉండి దూసుకెళ్లే ముక్క), తుపాకీలో వాడే పౌడర్, వీటిలో ఏ ఒక్కటైనా అమ్యూనిషనే. అంటే మీ గ్యారేజీలో ఉన్న పౌడర్ డబ్బా చట్టం లెక్కలో తూటాల పెట్టెతో సమానం. నాన్ ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదని 1998 నుంచి నిషేధం ఉంది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్ కార్డ్ చేతికొచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఏళ్ల తరబడి క్యూలో ఉన్నంత మాత్రాన మీరు ఆ లెక్కలోకి రారు.

2022లో చట్టం మారాక దీనికి శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. జైలు సంగతి అలా ఉంచండి, తుపాకీ చట్టం కింద కన్విక్షన్ పడితే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. ‘ఈ రూల్ నాకు తెలియదండీ’ అంటే కోర్టు వినదు. 2019లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, నిందితుడికి తన ఇమ్మిగ్రేషన్ స్థితి తెలుసని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. మీ వీసా ఏమిటో మీకు తెలియదని ఎవర్నీ నమ్మించలేరు కదా.

ఒక మినహాయింపు మాత్రం ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు మీ దగ్గరుంటే ఈ నిషేధం వర్తించదు. టెక్సాస్‌లో మామూలు వార్షిక లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. ఫిబ్రవరిలో కొని, వచ్చే ఫిబ్రవరి దాకా ఉంటుందనుకుంటే సెప్టెంబర్ 1 ఉదయానికి మీరు మళ్లీ నిషేధంలో ఉన్నట్టే. ఇంకో సంగతి, ఈ రోజు లైసెన్సు కొంటే ఈ రోజు నుంచే రక్షణ. డబ్బాలు మీ గ్యారేజీలో ఉన్న నిన్న మొన్నటి రోజులను అది కడిగేయదు. వీకెండ్‌లో రేంజికి వెళ్లి అద్దె తుపాకీతో కాల్చే స్నేహితులకు కూడా ఇదే వర్తిస్తుంది. దయచేసి వాళ్లకీ చెప్పండి.

హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డ్ వాళ్లు సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. నింపి అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటేనే తయారీదారు లైసెన్సు కావాలి.

ఇక ఆ పాత పౌడర్ల గురించి. చట్టం సంగతి పక్కన పెట్టినా వాటిని వాడొద్దంటాను. 4895 రెండో ప్రపంచ యుద్ధంలో ఎం1 గరాండ్ రైఫిల్ తూటాల్లో వాడిన రకం. 4831 మొదట 20 మిల్లీమీటర్ల ఫిరంగి గుళ్లలోది. యుద్ధం అయ్యాక మిగిలిన సరుకును హాడ్జ్‌డన్ అనే కంపెనీ కొని జనానికి అమ్మింది. తర్వాత డుపాంట్ కూడా ఐఎంఆర్ పేరుతో ఒక 4831 తెచ్చింది. రెండు డబ్బాల మీదా అంకె ఒకటే, కానీ ఐఎంఆర్‌ది త్వరగా మండుతుంది. ఒకదాని తూకం రెండోదానికి వేస్తే తుపాకీలో తూటా పేలే చోట (ఛాంబర్‌లో) ఒత్తిడి హద్దు దాటుతుంది. పెద్దాయన నోట్‌బుక్‌లో ‘4831’ అని మాత్రమే రాసుకుని ఉంటే ఏది ఏదో మీకెలా తెలుస్తుంది?

పౌడర్ పాడవుతుంది కూడా. ఒక క్లయింటు గ్యారేజీలో అలాంటి డబ్బా మూత తీస్తుంటే పక్కనే ఉన్నాను. మూత లోపల తుప్పు పట్టి ఉంది. పౌడర్ మీద ఇటుక పొడి లాంటి ఎర్రటి దుమ్ము. యాసిడ్ సీసా తెరిచినట్టు ముక్కు మండిపోయింది. బాగున్న పౌడర్ లేత స్పిరిట్ వాసన వేస్తుంది. ఇలా కుళ్లినది వేడెక్కి తనంతట తానే అంటుకోవచ్చు. టెక్సాస్ ఎండల్లో గ్యారేజీ ఎంత కాగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఊరికి తీసుకెళ్లే ఆలోచన పూర్తిగా మానుకోండి. పౌడర్, ప్రైమర్లు విమానంలో చేతి సంచిలోనూ చెకిన్‌లోనూ నిషిద్ధం. ‘ప్రెస్ ఇనుప ముక్కే కదా’ అంటారేమో. మన 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 తూటా భాగాలను, తూటాలు తయారుచేసే యంత్రాలను కూడా ‘అమ్యూనిషన్’లోనే కలిపింది. వాటిని దేశంలోకి తేవడానికి సెక్షన్ 10 కింద విడిగా లైసెన్సు కావాలి. నాన్నగారికి ఉన్నది సెక్షన్ 3 లైసెన్సు, దగ్గర ఉంచుకోవడానికి. తయారీ సెక్షన్ 5 కిందికి వస్తుంది. అది లేకుండా ఇంట్లో నింపితే పోలీసులు తయారీ కేసే పెడతారని నా అభిప్రాయం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. మీరు తండ్రికి సాయం చేద్దామనుకున్నది ఆయన రైఫిల్ లైసెన్సుకే ఎసరు పెడుతుంది. ‘మా తాతల కాలంలో సూరేకారం, గంధకం, బొగ్గు దంచి నాటు తుపాకీకి మందు చేసుకునేవాళ్లు’ అని పెద్దవాళ్లు అంటారు. అదీ లైసెన్సు లేకుండా చేస్తే 1884 పేలుడు పదార్థాల చట్టం కింద నేరమే.

గుర్తుగా ఒక ఖాళీ గొట్టం బ్యాగులో వేసుకున్నా శంషాబాద్‌లో ఆపుతారు. వేరే భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే ‘పొసెషన్’ అని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ వాదనలు కోర్టులో నిలబడతాయి, కానీ అప్పటికి ఫ్లైటు వెళ్లిపోతుంది, సెలవు అయిపోతుంది. పైగా ఇంట్లో రైఫిల్, సంచిలో ప్రెస్ ఉంటే ‘వాడే ఉద్దేశం లేదు’ అనడం కుదరదు.

నాన్నగారిని లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఎన్ని తూటాలు రాసి ఉన్నాయో చూసుకోమనండి. చాలకపోతే కారణం చూపించి, లైసెన్సు ఇచ్చిన అధికారికి అర్జీ పెట్టి పెంచమని అడగవచ్చు. కొనడం మాత్రం లైసెన్సున్న డీలర్ దగ్గరే.

మీకు హంటింగ్ లైసెన్సు లేకపోతే ఈ రోజే ఒక క్రిమినల్ అటార్నీకి ఫోన్ చేయండి. ఇమ్మిగ్రేషన్ తెలిసినవారైతే మరీ మంచిది. వారు సరేనంటే పెద్దాయన ఇంకా పక్కింట్లో ఉండగానే సామాను ఆయన్నే వచ్చి తీసుకెళ్లమనండి. కుళ్లిన డబ్బా ఉంటే ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పే పని కూడా ఆయన పేరు మీదే జరగనివ్వండి. ఈలోగా మూతలు తీయొద్దు, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టొద్దు, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి ‘ఎవరికైనా కావాలా’ అని అడగొద్దు.