ఎయిర్‌బ్యాగ్ పని నేర్చుకుంటానంటున్నాడు, స్కానర్ కొనివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ చేసి, ఏడాదిగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పని చేస్తున్నాడు. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల రిపేరులోకి దిగుతానని, అప్పు చేసైనా బండి కంప్యూటర్‌లో తప్పులు చదివే స్కానర్ కొనిపెట్టమని పట్టుబడుతున్నాడు. కొనమంటారా సార్?

అన్నగారూ, ఆ అప్పు ఇప్పుడు చేయకండి. కానీ అబ్బాయి ఎంచుకున్న పని మంచిది, దాన్ని మాత్రం ఆపకండి. 2019 జులై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, ఆ తర్వాత పక్క సీటుకూ వచ్చింది, ఆ కార్లు ఇప్పుడు వారంటీ దాటి బయటి షెడ్లకు వస్తున్నాయి.

స్కానర్ తప్పు ఏ సర్క్యూట్‌లో ఉందో కోడ్‌గా మాత్రమే చెప్తుంది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువగా ఉందని చూపిస్తుందనుకోండి, తప్పు బ్యాగులో ఉందా, స్టీరింగ్‌తో పాటు తిరిగే క్లాక్ స్ప్రింగ్‌లో తీగ తెగిందా, కనెక్టర్ పిన్ను తుప్పు పట్టిందా అన్నది మనిషే వెతకాలి. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు వెలిగి, హారన్ కూడా పోయిందంటే ముందు క్లాక్ స్ప్రింగ్‌ని అనుమానించాలి. సీటు జరిపినప్పుడల్లా లైటు వచ్చి పోతుంటే సీటు కింద పసుపు కనెక్టర్ చూడాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి మీ ఊళ్లోనే ఎన్ని కార్లు మునిగాయో మీకు తెలుసు కదా, చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ గేర్ లివర్ దగ్గర ఫ్లోర్ మీదే ఉంటుంది, అలాంటి బండికి ముందు తడి ఎక్కడిదాకా చేరిందో చూడాలి. ఇదంతా వైరింగ్ చదవడం వస్తేనే.

ఇంకోటి, ఇది ప్రాణాల మీదకు తెచ్చే పని. బ్యాటరీ నెగెటివ్ తీశాక కూడా యూనిట్ లోపల కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, మాన్యువల్‌లో రాసినన్ని నిమిషాలు ఆగాల్సిందే. ఎయిర్‌బ్యాగ్‌ని మామూలు మల్టీమీటరుతో నేరుగా కొలవకూడదు, ఆ కొద్ది కరెంటుకే అది పేలొచ్చు. బ్యాగు స్థానంలో దాదాపు 2 ఓమ్‌ల రెసిస్టర్ (బ్యాగు ఉన్నట్టే యూనిట్‌కి కనిపించే చిన్న విడిభాగం) పెట్టి చూస్తారు, తప్పు పోయిందంటే వైరింగ్ బాగుంది, లోపం బ్యాగులో ఉంది అని అర్థం.

నాకు భయమంతా ఈ రెసిస్టర్ గురించే. పరీక్ష కోసం పెట్టాల్సిన దాన్ని కొందరు అలాగే వదిలేస్తారు, లైటు ఆరిపోతుంది, ఓనరు సంతోషంగా డబ్బులిచ్చి పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తాడు, గుద్దుకున్న రోజు బ్యాగు తెరుచుకోదు. దయచేసి మన అబ్బాయి ఈ పని అలాంటి చోట మొదలుపెట్టకుండా చూడండి.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఆరు నెలలు మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పెట్టండి. ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అప్రెంటిస్‌గా చేర్పించండి, స్టైపెండ్ తక్కువే అయినా ఖరీదైన స్కానర్లు అక్కడే చేతికి అందుతాయి. సర్వీస్ మాన్యువల్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి రోజూ రెండు పేజీలు చదివించండి, తెలుగు మీడియం పిల్లలు టెన్షన్ పడి ఆగిపోయేది ఇక్కడే, ఆ పదాలు నెల తిరిగేసరికి అలవాటైపోతాయి.

ఈ రాత్రి అబ్బాయిని ఒక్క మాట అడగండి, "ఓనరు రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పెయ్యమంటే ఏం చేస్తావురా?" అని. పెట్టనంటే, ఏడాది తర్వాత నాకు మళ్లీ రాయండి, ఏ స్కానర్ కొనాలో అప్పుడు కూర్చుని చూద్దాం.