శ్రీనూ, బరువులు ఎత్తే ముందు ఇది చదువు

విజయనగరం

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

నీ పేగు జబ్బు అదుపులో ఉంది కాబట్టి శ్రీకాకుళంలో జిమ్‌కి వెళ్లొచ్చని మీ డాక్టరు గారు అన్నారట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషంరా. నాకూ నీలాగే అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల పుండ్లు పడే జబ్బు, అని తేలి ఇరవై ఏళ్లు దాటింది. అప్పట్లో అందరూ బరువుల జోలికి పోవద్దన్నవాళ్లే. కానీ ఈ జబ్బు తిరగబెట్టినప్పుడల్లా కండ కరిగిపోతుంది. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడితే ఎముకలూ పలచబడతాయి. కండకీ ఎముకకీ కూడా బరువుల కసరత్తు మేలు చేస్తుంది.

జిమ్‌లో డబ్బు కట్టేలోపు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. రక్తం పోయే జబ్బు కదా, ఐరన్ తగ్గడం మామూలే. నేను చూసుకోలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ఒంట్లో బద్ధకం అనుకుని మొండిగా స్క్వాట్లు, అంటే రాడ్డు భుజాన వేసుకుని గుంజీల్లా కూర్చుని లేవడం, తీశాను. ఒకరోజు రాడ్డు స్టాండు మీద పెట్టగానే కళ్లు బైర్లు కమ్మి గోడకి చేరగిలబడిపోయాను. నువ్వలా చెయ్యకు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. పొద్దున దొడ్డికి ఎన్నిసార్లు వెళ్లావో, రక్తం పడిందో లేదో ఒకవైపు రాయి. సాయంత్రం ఎత్తిన బరువు రెండోవైపు రాయి. మామూలు కంటే రెండుసార్లు ఎక్కువ వెళ్తే ఆ రోజు బరువు సగానికి దించు. రక్తం కనిపించినా, జ్వరం ఉన్నా, కడుపులో మెలిపెట్టినా జిమ్ మాట మర్చిపోయి డాక్టరుకి ఫోన్ చెయ్యి. తగ్గాక మళ్లీ మొదలుపెట్టినప్పుడు పాత బరువు దగ్గర కాదు, అందులో సగం దగ్గర మొదలుపెట్టు.

బరువు దించడానికి మనసొప్పదు, నాకు తెలుసు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినరోజు, మా వీధి కుర్రాళ్లంతా రాడ్ల మీద పడ్డాం. ప్లేటు తీసెయ్యడం అంటే ఓడిపోవడమే అనుకునేవాణ్ణి. ఆ పంతానికి నేను రెండుసార్లు మంచాన పడ్డాను.

ఇక ఊపిరి సంగతి. పెద్ద బరువులు ఎత్తేవాళ్లు నడుముకి దన్నుగా పొట్ట నిండా గాలి పీల్చి బిగబడతారు. ఆ ఒత్తిడి మన పేగుకి పడకపోవచ్చు, సెట్టు మధ్యలోనే బాత్రూమ్‌కి పరుగెత్తాల్సి రావచ్చు. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు పీల్చు. లేచేటప్పుడు పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదులు. వదులుతూ లేవలేకపోతే ఆ బరువు నీకు ఎక్కువన్నట్టే. పదిసార్లు తీయగలిగితే ఏడు దగ్గర ఆపెయ్యి. బెల్టు పొట్ట మీద బిగించకు.

ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి వేసుకోకు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. అవి పేగు జబ్బుని మళ్లీ రేపగలవు. ఏ మాత్ర వాడాలో మీ డాక్టరునే అడుగు.

తిండికొస్తే, పాలు పడనివాళ్లకి కొన్ని వే పౌడర్లు (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడులు) కడుపు ఉబ్బరం తెస్తాయి. నాకూ పడలేదు. గుడ్లు, కారం తగ్గించిన చేపల పులుసు, పెరుగన్నంతోనే నడిపించాను. కడుపు బాగున్నన్నాళ్లూ చోడి (రాగి) అంబలి తాగు, తిరగబెడితే మానేసి మెత్తటి అన్నం తిను. విరేచనాలు ఎక్కువైనరోజు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు దాని మీద రాసినన్ని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగు.

జిమ్‌లో బాత్రూమ్ ఎక్కడుందో మొదటిరోజే చూసుకో. కోచ్‌కి జబ్బు సంగతి చెప్పు, సిగ్గుపడకు. వచ్చే ఆదివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను. నోట్‌బుక్ మర్చిపోకుండా తీసుకురా, మొదటి వారం రాసినవి ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య