జవాబు: పాత నికాన్ లెన్స్ కొత్త కెమెరాపై ఫోకస్ కాకపోవడం

మీ 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ పాడైపోలేదు. ఇన్నేళ్ల తరువాత మళ్లీ ఫోటోలు మొదలుపెడదామని దుకాణంలో నికాన్ కొత్త కెమెరా జెడ్50కి, పాత లెన్సులను దానికి బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో తగిలించి చూస్తే ఆటోఫోకస్ కదలలేదని రాశారు; డి రకం లెన్సులలో మోటారు ఉండదు, కెమెరాలోని మోటారే చిన్న మర ద్వారా వాటిని తిప్పుతుంది, అది జెడ్50లో గాని ఆ అడాప్టర్‌లో గాని లేదు. నికాన్ కెమెరాలైన డి3500, డి5600లలోనూ లేదు. డి7200, డి7500లలో ఉంది.

మోటారున్న ఇలాంటి కెమెరా కొనేముందు లెన్స్‌ను వెంట తీసుకెళ్లి, దానికి తగిలించి ఇలా పరీక్షించండి.

1. లెన్స్ మీది ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) రింగును 22 వద్దకు తిప్పి, పక్కనున్న చిన్న మీటతో బిగించండి. చాలామంది మరిచేది ఇదే. ఫిల్మ్ కాలంలో రింగును చేత్తో తిప్పిన అలవాటు మనకు త్వరగా పోదు. కాని ఈ కెమెరాలలో ఎపర్చర్‌ను డయల్‌తో మారుస్తాము కనుక, రింగు 22 మీద లేకపోతే ‘ఎఫ్‌ఈఈ’ అని మెరిసి షట్టర్ పడదు. అది చూసి మంచి లెన్స్‌ను వదిలేసుకోకండి.

2. కెమెరాపై మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) పక్కనున్న మీటను ఏఎఫ్ (ఆటోఫోకస్) వైపు ఉంచి, షట్టర్ బటన్‌ను సగం నొక్కండి. లెన్స్ తిరిగే చప్పుడు వినబడాలి.

3. టార్చి వేసి లెన్స్ లోపల బూజు ఉందేమో చూడండి.

నేనైతే వాడిన డి7500 తీసుకుంటాను. దాని సెన్సర్ ఫిల్మ్ కంటే చిన్నది కనుక, దాని మీద మీ 50 ఎంఎం లెన్స్ ఫిల్మ్ కెమెరాపై 75 ఎంఎం లాగా దగ్గరగా చూపిస్తుంది; ముఖాలకు చాలా బాగుంటుంది గాని, మన సిరోంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలిసే వెడల్పు అందులో పట్టదు. దానికి 18-55 జూమ్ కూడా అడగండి.